చెప్పులు విప్పి నేర్చుకున్న డాస్

ఇప్పటి పిల్లలకి కంప్యూటరంటే లెక్కలేదండీ. మంచం మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పక్కన కారప్పూస గిన్నె పెట్టుకుని వాడేస్తారు. కీబోర్డు సందుల్లో కారప్పూస ఇరుక్కుంటే బోర్లించి దులుపుతారు. మా రోజుల్లో కంప్యూటర్ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పాల్సిందే. ఊళ్లో పెద్ద పెద్ద ఆఫీసర్లకి లేని ఏసీ ఆ డబ్బాకి ఉండేది. గుంటూరు బ్రాడీపేటలో డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని నేను నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో, తర్వాత చాలాకాలం నేనే నేర్పిన చోట, చెప్పుల వరస మెట్ల దాకా ఉండేది. వెళ్లేటప్పుడు ఎవరి జత ఎవరు వేసుకుపోయారో అని రోజూ ఒక పంచాయితీ.

అంత మడి ఎందుకంటే ఫ్లాపీ కోసం. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీకి ఒంటి మీద పొడుగాటి కంత ఒకటి ఉంటుంది. అందులోంచి అయస్కాంతపు పొర బయటికే కనిపిస్తుంది. దుమ్ము పడినా, జిడ్డు వేలు తగిలినా అంతే సంగతులు. అందులో పట్టేది 360 కిలోబైట్లు. ఇవాళ పొద్దున్నే మీరు పదిమందికీ పంపే గుడ్ మార్నింగ్ గులాబీ బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టకపోవచ్చు. మేం అందులోనే ఒక కొట్టు సంవత్సరం లెక్కలన్నీ పెట్టేవాళ్లం.

మొదట్లో మా యంత్రాలకి హార్డ్‌డిస్క్ లేదు. ఏ అనే డ్రైవులో డాస్ ఫ్లాపీ పెట్టి స్విచ్ వేస్తే ముందు మెమరీ లెక్కపెట్టుకునేది. అంకెలు గబగబా పెరిగేవి, ఒక కూత కూసేది, ఎర్రదీపం వెలిగేది, డ్రైవు గరగరమనేది. ఆ తర్వాత తేదీ అడిగేది, టైమడిగేది. గోడగడియారం చూసి మనం చెప్పాలి! ఇప్పుడేమో ఇవాళ ఏ వారమో మనం దాన్నడుగుతున్నాం. తేదీ, టైము అయ్యాక తెర మీద ఒక అక్షరం, ఒక బాణం గుర్తు, పక్కన మిణుకు మిణుకుమనే చిన్న గీత. ఇంక దాని నోట మాట రాదు. మనం చెప్పాలి, అది చెయ్యాలి. చెప్పడం రానివాడికి అక్కడ పని లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి మాస్టారూ అని అడిగితే పుస్తకంలో ఉన్నది అప్పజెప్పేవాణ్ణి కాదు. మీ ఊళ్లో కరణం ఏం చేసేవాడో మీ తాతనడిగి రారా అనేవాణ్ణి. ఎన్టీ రామారావు గారు 1984లో కరణాలను తీసేశారు గానీ, అప్పటి పిల్లల తాతలకి వాళ్లు బాగా తెలుసు. ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా ఎవరిదో పొలానికి తెలియదు, కరణం దస్తరానికి తెలుసు. హార్డ్‌డిస్క్ కూడా అంతే. అది వట్టి నేల. ఏ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసిపెట్టుకునేది ఆపరేటింగ్ సిస్టమ్. మెమరీలో చోటు కావాలన్నా, ప్రింటర్ కావాలన్నా, కీబోర్డు మీద ఏం నొక్కారో తెలియాలన్నా ప్రోగ్రాములు దాని దగ్గరికి రావాల్సిందే. డాస్‌లో ఆ దస్తరం పేరు ఫ్యాట్, అంటే ఫైల్ అలొకేషన్ టేబుల్. డైరెక్టరీలో ఫైలు పేరు, సైజు, రాసిన తేదీ, మొదటి ముక్క ఎక్కడుందో ఉంటాయి. ఆ తర్వాతి ముక్కలు ఎక్కడెక్కడున్నాయో ఫ్యాట్ చూసి పట్టుకోవాలి.

ఈ సంగతి తెలిసినవాడికి ఎంత బలమో చెబుతాను. డాస్‌లో డెల్ అని కొడితే ఫైలు పోయిందనుకుంటారు. పోదు. దస్తరంలో దాని పేరులో మొదటి అక్షరం కొట్టేసి అక్కడొక గుర్తు పెడతాడు కరణం, ఈ చోటు ఖాళీ అని రాసుకుంటాడు. నేలా అక్కడే ఉంటుంది, పంటా అక్కడే ఉంటుంది. ఒకసారి మార్చి నెలాఖర్లో ఒక ఆడిటర్ గారి గుమాస్తా ముఖం పాలిపోయి వచ్చాడు. లోటస్ అనే లెక్కల ప్రోగ్రాములో వేసిన లెడ్జరు ఫైలు చేతులారా చెరిపేశాడట. "దాని మీద ఇంకేమన్నా రాశావా?" అన్నాను. లేదన్నాడు. అప్పటికి డాస్ 5 వచ్చింది, అందులో అన్‌డిలీట్ అనే కమాండ్ ఉంది. కొట్టాను. తెర మీద ప్రశ్నార్థకం, దాని వెనక ఈ, డీ, జీ, ఈ, ఆర్ అక్షరాలు. మొదటి అక్షరం చెప్పమని అడుగుతోంది. ఎల్ అని నొక్కాను. అయిపోయింది, లెడ్జరు తిరిగొచ్చింది. ఆ గుమాస్తా నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. అందులో మంత్రమేమీ లేదు. దస్తరం ఎలా రాస్తారో తెలియడమే.

ఇప్పటి ఎస్‌ఎస్‌డీల్లో ట్రిమ్ అని ఒకటుంది. ఫైలు తీసేస్తే కాసేపట్లో ఆ చోటు నిజంగానే ఊడ్చిపెట్టేస్తుంది. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేశాక నా దగ్గరికొచ్చి "తీసుకురండి అంకుల్" అంటే నేనేం చెయ్యను?

ఇంక పేర్ల సంగతి. డాస్‌లో ఫైలు పేరుకి ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. అంతకు మించి ఒక్కటి ఒప్పుకోదు. రామలింగేశ్వర ట్రేడర్స్ వారి 1992 మార్చి బ్యాలెన్స్ షీటుకి పేరు పెట్టాలంటే కూర్చుని ఆలోచించాలి. ఆర్‌ఎల్‌టీబీఎస్392 అని పెట్టేవాణ్ణి, సరిగ్గా ఎనిమిది. ఆర్నెల్ల తర్వాత చూసినా అదేమిటో తెలిసేది. 1995లో విండోస్ 95 వచ్చి పేరు 255 అక్షరాల దాకా పెట్టుకోండయ్యా అంది. పెట్టారా? మా కోడలు ల్యాప్‌టాప్‌లో చూడండి: న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ 2, అందులో ఫైనల్, ఫైనల్ న్యూ, ఫైనల్ లాస్ట్. "వీటిలో అసలుది ఏదమ్మా?" అంటే "తెరిచి చూడాలి మావయ్యగారూ" అంటుంది.

అసలు ఈ డాస్ పుట్టుక కూడా పిల్లలకి చెప్పాలి. బిల్ గేట్స్ కూర్చుని రాశాడనుకుంటారు. కాదు. సియాటిల్‌లో ఒక చిన్న కంపెనీలో టిమ్ పాటర్సన్ అనే కుర్రాడు 1980లో గబగబా రాసి దానికి క్యూడాస్ అని పేరు పెట్టాడు. హడావిడిగా చేసిందని ఆ పేరులోనే ఒప్పుకున్నాడు. అంతకు ముందు గ్యారీ కిల్డాల్ రాసిన సీపీఎం అనే సిస్టమ్ పద్ధతిలోనే దీన్నీ రాశాడు. మైక్రోసాఫ్ట్ దాన్ని కొని ఐబీఎంకి ఇచ్చింది. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ బయటికొచ్చింది. గేట్స్ తెలివి ఎక్కడుందంటే, ఆ డాస్‌ను ఇతరులకీ అమ్ముకునే హక్కు తన దగ్గరే ఉంచుకున్నాడు. అందుకే ప్రపంచంలో ప్రతి సందులోనూ పుట్టిన నకలు పీసీల్లో అదే నడిచింది. మా యంత్రాలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొనుక్కొచ్చి బిగించినవి. వాటిలోకి డాస్ ఎలా వచ్చిందంటారా? ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి. ఆ రోజుల్లో లైసెన్సంటే స్కూటర్‌కే.

మాకంటే ముందువాళ్లు మమ్మల్నీ ఇలాగే తిట్టేవారు లెండి. పంచ్ కార్డుల మీద చేసిన ఒక పెద్దాయన ఉండేవారు. ఒక్కో కార్డుకి 80 గళ్లు, ఒక్కో కార్డు ఒక్కో వాక్యం. కట్ట తీసుకెళ్లి కిటికీలో ఇచ్చి మర్నాడు రావాలి. ఒక కామా తప్పితే ఆ రోజు దండగ. "మీకేమయ్యా, కొట్టగానే తెర మీద జవాబొస్తుంది, ఆలోచించాల్సిన పనేముంది" అని మమ్మల్ని ఈసడించేవారు. ఆ ఎదురుచూపులు తప్పేలా ఒకే యంత్రాన్ని పదిమంది ఒకేసారి వాడుకోవచ్చని 1961లో ఎంఐటీలో కోర్బాటో చేసి చూపించాడు. పదిమంది అయ్యేసరికి ఎవరి ఫైళ్లు వాళ్లకుండాలని పాస్‌వర్డ్ కూడా పెట్టాల్సి వచ్చింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌లో కమాండ్లు ఎల్ఎస్, సీపీ, ఎంవీ అని రెండేసి అక్షరాలుంటాయి. టెలిటైపు మీద ఒక్కో మీట నొక్కడం వేళ్ల నొప్పి, అందుకని పొదుపు. ఆ పెద్దాయన మాట నాకు అప్పుడు కోపం తెప్పించేది. ఇప్పుడు అదే మాట నేను మనవడితో అంటున్నాను.

మా డాస్‌కి 640 కిలోబైట్ల గీత ఒకటుండేది. ప్రోగ్రాములు దానికి లోపలే సర్దుకోవాలి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడాలంటే కాన్ఫిగ్ ఫైల్లో ఏ డ్రైవర్‌ని పైకి ఎక్కించాలో, దేన్ని తీసేయాలో తేల్చుకోవాలి. పదో తరగతి పిల్లలు ఆట కోసం ఆ విద్య మొత్తం నేర్చేసుకునేవారు. సీడీ, బ్యాక్‌స్లాష్, గేమ్స్, బ్యాక్‌స్లాష్, ప్రిన్స్: దారి చెప్పుకుంటూ వెళ్లడం వాళ్లకి అలా వచ్చింది. నేను పాఠం చెబితే రాలేదు.

తర్వాత ఎలక వచ్చింది. దాన్ని డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో అందరి ముందూ ఆడించి చూపించాడు. జిరాక్స్ వాళ్లు 1973లో ఆల్టో అని దానితో, బొమ్మలతో పనిచేసే యంత్రమే చేశారు. చేసి, అమ్ముకోవడం చేతకాక కూర్చున్నారు. 1984లో యాపిల్ వాళ్లు మ్యాకింటోష్‌తో ఇళ్లకి తెచ్చారు. బ్రాడీపేటకి మాత్రం అది విండోస్ 3.1తో దిగింది. మౌస్ పట్టుకున్న మొదటిరోజు జనాన్ని చూడాలి! గాల్లోకి ఎత్తి తెర వైపు చూపించేవారొకరు. బల్ల అంచు దాకా జరిపి, "ఇంక చోటు లేదండీ, పెద్ద బల్ల ఉందా?" అనేవారొకరు. ఎత్తి మళ్లీ మొదట్లో పెట్టుకోవచ్చని చెబితే ఆశ్చర్యపోయేవారు. డబుల్ క్లిక్ అంటే ఒకసారి నొక్కి, ఊపిరి తీసుకుని, రెండోసారి నొక్కేవారు. వీళ్లందరినీ దారికి తెచ్చింది నేను కాదు, సాలిటేర్ పేకాట. ముక్కని పట్టుకుని ఈడ్చి ఇంకో ముక్క మీద వెయ్యడం వారం రోజుల్లో అందరికీ వచ్చేసింది. ఇన్‌స్టిట్యూట్ యజమానికి మాత్రం వాళ్లు శిక్షణలో ఉన్నట్టు కనిపించేది కాదు.

1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది. కింద మూల స్టార్ట్ అని ఒక బొత్తాం. కంప్యూటర్ ఆపాలంటే ఆ స్టార్టే నొక్కాలి! ఇందులో తిరకాసేమిటని అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పలేక చచ్చేవాణ్ణి. డాస్‌లో పని ముగించి సీ ప్రాంప్ట్‌కి వచ్చామా, స్విచ్ కట్టేశామా, ఇంటికెళ్లామా. విండోస్ అలా కాదు, డిస్కుకి రాయాల్సినవి మెమరీలో దాచుకుని తీరిగ్గా రాస్తుంది, అందుకని చెప్పి ఆపాలి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు ఠక్కున పోయేది. వచ్చాక యంత్రం వెయ్యగానే, మీరు సరిగ్గా ఆపలేదు కాబట్టి డిస్క్ తనిఖీ చేస్తున్నానని తెర మీద దెప్పుడు. ఎవరో తీసేసిన కరెంటుకి నన్నంటుందేం?

ఇదంతా భరించాను. ఎందుకంటే అప్పటికీ మై కంప్యూటర్ తెరిస్తే సీ కనిపించేది, డీ కనిపించేది, ఫోల్డర్లు కనిపించేవి. కరణం కుర్చీలో బట్టలు మార్చుకు కూర్చున్నాడంతే. అసలు మోసం ఫోన్లతో వచ్చింది.

మా మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, అదీ కంప్యూటర్ సైన్సే. పరీక్ష హాల్‌టికెట్ ప్రింటు తీయాలన్నాడు.

"ఫైలు ఎక్కడుందిరా?" అన్నాను.

"వాట్సాప్‌లో ఉంది తాతయ్యా."

"వాట్సాప్‌లో ఎక్కడ?"

"గ్రూపులో."

"ఫోన్లో ఏ ఫోల్డర్లో దిగిందని అడుగుతున్నా."

నా వంక జాలిగా చూసి, బొటనవేలితో పైకి తోస్తూ కూర్చున్నాడు. పుట్టినరోజు కేకులూ, సినిమా పోస్టర్లూ దాటుకుంటూ వెళ్లాడు. అసలా ఫైలు ఫోన్లో వాట్సాప్ డాక్యుమెంట్స్ అనే ఫోల్డర్లో నిక్షేపంలా కూర్చుని ఉంది, నేను తీసిచ్చాను. వీడు యూనిక్స్ పేపర్లో ఫస్ట్ క్లాసు. వీడి చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ లోపల నడిచేది లైనక్స్ కెర్నల్, 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది, యూనిక్స్ బాటలో నడిచింది. చదువు వేరు, జేబులో ఉన్నది వేరు అనుకుంటున్నాడు వాడు.

తప్పు వాడిది మాత్రమే కాదు. ఫోన్లో దస్తరాన్ని కావాలనే దాచారు. ఆండ్రాయిడ్‌లో ఒక్కో యాప్‌నీ ఒక్కో వేరే యూజర్‌గా లెక్కగడతారు, ఒకదాని సొంత సరుకు ఇంకొకటి తొంగిచూడకుండా. అది మంచికే, ఒప్పుకుంటాను. టార్చిలైటు యాప్ మన కాంటాక్టులు అడిగే రోజులివి. కానీ దొంగకి కనపడకుండా దాచమంటే ఇంటివాడికీ కనపడకుండా దాచేస్తే ఎలా? ఫొటోలు ఫోన్లో ఉన్నాయా, ఎక్కడో పైన క్లౌడ్‌లో ఉన్నాయా అని అడిగితే మా ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. కొత్త ల్యాప్‌టాప్ డబ్బులు పోసి కొన్నది మనం, తెరవబోతే ముందు మెయిల్ ఐడీ ఇవ్వు అంటుంది. అర్ధరాత్రి దానికై అదే అప్‌డేట్ అయి, పొద్దున తెరిచేసరికి బొత్తాలు వేరేచోట ఉంటాయి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆపేశారు. విండోస్ 11కి టీపీఎం అనే భద్రతా చిప్పు రెండో వెర్షన్ కావాలట. నిక్షేపంలా నడుస్తున్న యంత్రాలు ఎన్నో ఇలాంటి నిబంధనలతో పాతసామాను కిందికి పోయాయి.

మా ఆవిడ ఈ మాటలన్నీ విని నవ్వుతుంది. ఆవిడ నవ్వడంలో న్యాయముంది. ఇన్‌స్టిట్యూట్ మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉన్నా ఆవిడ ఒక్కరోజూ లోపలికి రాలేదు. డాస్‌కి ఇంగ్లీషు తప్ప రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. తెలుగు కావాలంటే సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు అని విడిగా బిగించాలి. డీటీపీ ఫాంట్లు వచ్చాక కూడా ఎవరి లెక్క వారిదే, ఒక ఫాంట్లో కొట్టిన తెలుగు ఇంకోదాంట్లో పిచ్చిగీతలు. యూనికోడ్‌తో, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో ఆ గోల తగ్గింది. ఇప్పుడు ఆవిడ పూజ చేసుకుంటూ, చేతికి పసుపుతో, ఫోన్ వైపు తిరిగి "బాలమురళి గారి రామదాసు కీర్తనలు పెట్టు" అంటుంది. పెడుతుంది! మా డాస్‌ని అడిగితే ఏమనేదో నాకు తెలుసు: బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్. చూపు లేనివాళ్లకి ఫోన్ తానే తెర చదివి వినిపిస్తోంది. ఇలాంటివి చూసినప్పుడు నా సణుగుడు కాసేపు ఆపుతాను.

కాసేపే. 2024 జూలై 19న ఏమైందో గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ పంపిన ఒక చెడ్డ అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర వేసుకుని కూలబడ్డాయని మైక్రోసాఫ్టే చెప్పింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కారణం ఏమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్‌ది బయట వరండాలో కూర్చునే పని కాదు, కెర్నల్ అనే లోపలి గదిలో పని. అక్కడ కాలు జారితే ఇల్లంతా కూలుతుంది. మా డాస్‌లో అయితే లోపలి గది, వరండా తేడాయే లేదు, ఎవడైనా ఎక్కడికైనా వెళ్లొచ్చు. అందుకే 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీల మీద ఎక్కి ఊళ్లు తిరిగింది. కాపలా విషయంలో ఇప్పటివే మేలని ఒప్పుకుంటాను. కాకపోతే మా రోజుల్లో ఒక యంత్రం పాడైతే ఒక్క యంత్రమే పాడయ్యేది. పక్క బల్ల దగ్గర కుర్రాడు పని చేసుకుంటూనే ఉండేవాడు.

మనవడితో మొన్న పందెం వేశాను. విండోస్‌లో కొత్త ఫోల్డర్ తెరిచి దానికి సీ, ఓ, ఎన్ అని మూడక్షరాల పేరు పెట్టరా, పెడితే నీకు బిర్యానీ అన్నాను. పెట్టలేకపోయాడు. ఆ పేరు డాస్ రోజుల్లో కీబోర్డుకీ తెరకీ కేటాయించింది, కాపీ కాన్ అని కొట్టి మేం ఫైళ్లు రాసేవాళ్లం. డాస్ పోయి ఇన్నేళ్లయినా ఆ పేరు ఇంకొకరికి ఇవ్వకుండా అట్టేపెట్టారు. వాడు మొహం అదోలా పెట్టి చూశాడు గానీ, ఆ తర్వాత తనంతట తానే వచ్చి "ఇంకేమున్నాయి తాతయ్యా?" అన్నాడు.

మీ ఇంట్లో కూడా పిల్లలుంటే ఒక పని చేయించండి. విండోస్ గుర్తున్న మీట, ఆర్ కలిపి నొక్కమనండి. సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్లతెర వస్తుంది. అందులో డీఐఆర్ అని కొట్టమనండి. ఫైళ్ల పేర్లూ, తేదీలూ, సైజులూ వరసగా దిగుతాయి. విండోస్ 11లో కూడా ఆ కమాండ్ పనిచేస్తుంది, చెప్పులు విప్పక్కర్లేదు.